బారెంట్స్ సముద్రంలో చలికాలపు మంచు: చలిని కొలిస్తే సరిపోదు

నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం తీరంలో ముర్మాన్‌స్క్ అనే రష్యా నగరం ఉంది. అది ఆర్కిటిక్ వలయానికి కూడా పైన, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. డిసెంబరులో అక్కడ వారాల తరబడి సూర్యుడు కనిపించడు. గాలి ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం మామూలు విషయం. అయినా ఆ రేవులో ఏడాది పొడవునా ఓడలు తిరుగుతూనే ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో రష్యా ఆ ఊరిని కట్టుకున్నదే గడ్డకట్టని రేవు కోసం. దాదాపు అదే అక్షాంశంలో తూర్పుకు వెళ్ళి, సైబీరియా తీరంలో ఓబ్ నది సముద్రంలో కలిసే చోట చూస్తే మాత్రం ఏడాదిలో సగానికి పైగా గట్టి మంచు.

రెండు చోట్లా చీకటి ఒకటే. చలిలో తేడా ఉన్నా, సముద్రపు నీరు గడ్డకట్టడానికి మైనస్ 1.8 డిగ్రీలు చాలు కాబట్టి ముర్మాన్‌స్క్ చలి కూడా అందుకు సరిపోయేదే. ఎటొచ్చీ అక్కడి నీరు స్థానికం కాదు, అట్లాంటిక్ నుంచి వస్తోంది. గల్ఫ్ స్ట్రీమ్‌కు కొనసాగింపుగా నార్వే తీరం వెంట పైకి సాగే ప్రవాహంలో ఒక పాయ, నార్వే ఉత్తర కొసకూ బేర్ ఐలాండ్‌కూ మధ్య ఉన్న దారిలో బారెంట్స్ సముద్రంలోకి మళ్ళుతుంది. సగటున సెకనుకు దాదాపు 20 లక్షల ఘనపు మీటర్లు. క్యూసెక్కుల్లో చెప్పాలంటే ఏడు కోట్లు. 1986 ఆగస్టు వరదలో గోదావరి ధవళేశ్వరం దగ్గర పారింది సుమారు 35 లక్షల క్యూసెక్కులు. అలాంటి వరదలు ఇరవై ఒకేసారి వచ్చి, ఏడాదంతా తగ్గకుండా ఉంటే ఎంతో అంత నీరన్నమాట.

ఈ నీరు మోసుకొచ్చే వేడి ఏటా ఒకేలా ఉండదు. దానితోపాటే బారెంట్స్‌లో చలికాలపు మంచూ ఒక ఏడాది విరగబడి, ఇంకో ఏడాది వెనక్కి తగ్గి, నిలకడ లేకుండా ఉంటుంది. చలికాలంలో ఆర్కిటిక్ మొత్తం మీద కనిపించే హెచ్చుతగ్గుల్లో పెద్ద వాటా ఈ ఒక్క సముద్రానిదే. ధ్రువ సముద్రాల మంచును కంప్యూటర్ మోడళ్ళలో లెక్కకట్టేవాళ్ళకు ఇంతకన్నా కఠినమైన పరీక్షాస్థలం లేదనే చెప్పాలి. సగటు మంచును సరిగ్గా చూపించే మోడళ్ళు చాలానే ఉన్నాయి. ఆ ఊగిసలాటను సరైన మోతాదులో, సరైన కారణంతో చూపించేవి మాత్రం తక్కువ.

ముందు మాటల చిక్కు ఒకటి తీర్చుకోవాలి. తెలుగులో గడ్డి మీద మెరిసేదీ మంచే, తెల్లవారుజామున హైవేని కప్పేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. ఇక్కడ మాత్రం సముద్రపు నీరు గడ్డకట్టగా ఏర్పడేదాన్ని మంచు అనీ, ఆకాశం నుంచి రాలి దాని మీద పేరుకునేదాన్ని హిమం అనీ పిలుద్దాం. ఈ రెండూ చేసే పనులు ఒకదానికొకటి ఎదురు కాబట్టి వేరుగా ఉంచక తప్పదు.

మంచు ఎంత ఉందో తెలిసేది ఎలా? 1978 అక్టోబరులో అమెరికా పంపిన నింబస్-7 ఉపగ్రహంతో వరుస కొలతలు మొదలయ్యాయి. సముద్రం దానంతట అదే వెలువరించే మైక్రోవేవ్ కిరణాలను ఆ పరికరం పట్టుకుంటుంది. నీరు ఒకలా, మంచు ఇంకోలా వెలువరిస్తాయి. దీనికి సూర్యకాంతి అక్కర్లేదు, మేఘాలు పెద్దగా అడ్డం రావు. అందుకే ధ్రువ ప్రాంతపు చీకటి కాలం కూడా రికార్డులో ఉంది. ఆ చిత్రాన్ని సుమారు 25 కిలోమీటర్ల గళ్ళుగా విడదీసి, ఒక గడిలో 15 శాతానికి మించి మంచు ఉంటే ఆ గడి మొత్తాన్నీ మంచు విస్తీర్ణంలో కలిపేస్తారు. ఈ పద్ధతిలో ఒక తిరకాసు ఉంది. తుఫాను వచ్చి మంచు పలకలను దూరదూరంగా చెల్లాచెదురు చేస్తే, కొత్తగా ఒక్క కిలో మంచు పుట్టకపోయినా విస్తీర్ణం పెరిగినట్టు కనిపిస్తుంది. అదే గాలి పలకలను ఒకచోటికి తోస్తే ఏమీ కరగకుండానే తగ్గినట్టు ఉంటుంది. మోడల్‌నూ కొలతనూ పక్కపక్కన పెట్టినప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి ఇది.

మందం సంగతి ఇంకా కష్టం. 2010లో వెళ్ళిన క్రయోశాట్-2, 2018లో వెళ్ళిన ఐస్‌శాట్-2 లాంటివి, నీటిపైకి తేలిన భాగం ఎత్తును కొలిచి మొత్తం మందాన్ని అంచనా కడతాయి. తేలేది స్థూలంగా పదోవంతు. కొలతలో రెండు సెంటీమీటర్ల పొరపాటు జరిగితే మందంలో అది ఇరవై సెంటీమీటర్లవుతుంది. బారెంట్స్‌లో ఉండేది ఎక్కువగా ఆ ఏడాది పుట్టిన పల్చటి మంచు కాబట్టి ఇరవై సెంటీమీటర్లంటే చిన్న తేడా కాదు.

ఇక లెక్కలోకి వద్దాం. మంచు మందం ఎలా పెరుగుతుందో 1891లోనే యోజెఫ్ స్టెఫాన్ అనే ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త సూత్రం ఇచ్చాడు. మంచు పెరిగేది అడుగు వైపు నుంచి. అక్కడ నీరు గడ్డకట్టినప్పుడు విడుదలయ్యే వేడి, పైనున్న మంచు గుండా గాలిలోకి పోవాలి. మంచు మందమయ్యే కొద్దీ ఆ దారి పొడవవుతుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది. లెబెడెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1938లో ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రంలో మైనస్ 20 డిగ్రీల చలిని పెట్టి చూస్తే, మొదటి 25 రోజులకు 46 సెంటీమీటర్ల మంచు వస్తుంది. 100 రోజులకు వచ్చేది మీటరు పైచిలుకు. కాలం నాలుగింతలు, మందం రెండింతలకు కాస్త ఎక్కువ.

దీనిలోంచే ఒక ఆసక్తికరమైన సంగతి పుడుతుంది: పల్చటి మంచు త్వరగా పెరుగుతుంది. ఎండాకాలంలో ఆర్కిటిక్ ఎంత బోసిపోయినా చలికాలానికి చాలావరకు కోలుకోవడానికి కారణం ఇదే. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయి రికార్డు సృష్టించింది. ఆరు నెలలు తిరిగేసరికి, 2013 మార్చిలో, అది 1.5 కోట్లు దాటింది. ఎండాకాలపు రికార్డు చూసి చలికాలపు మంచును ఊహించబోతే బోల్తా పడతాం.

హిమం పని దీనికి తలకిందులు. రాలిన హిమంలో గాలి ఎక్కువ ఉంటుంది కాబట్టి అది రగ్గులా పనిచేస్తుంది. వేడిని ఆపడంలో 20 సెంటీమీటర్ల హిమం దాదాపు 1.4 మీటర్ల మంచుకు సమానం. చలికాలం మొదట్లోనే భారీగా హిమం కురిస్తే, పైన చలి ఎంత కొరికినా అడుగున మంచు పెరగదు. మోడల్‌లో హిమపాతం కాస్త అటూ ఇటూ అయితే చాలు, మంచు మందం లెక్క తప్పుతుంది. సముద్రం మీద హిమపాతాన్ని కొలిచే కేంద్రాలేమో దాదాపు లేవు.

ఇంతవరకూ మంచు ఒకచోట కదలకుండా ఉందనుకున్నాం. నిజానికి అది గాలికి కొట్టుకుపోతూ ఉంటుంది. 1893 నుంచి 1896 దాకా ఫ్రామ్ ఓడను కావాలనే మంచులో ఇరికించి ఆర్కిటిక్ మీదుగా కొట్టుకుపోనిచ్చిన నార్వే అన్వేషకుడు ఫ్రిచాఫ్ నాన్సెన్, మంచు గాలి వేగంలో సుమారు రెండు శాతంతో కదులుతుందనీ, గాలి దిశకు 20 నుంచి 40 డిగ్రీలు కుడికి ఒరుగుతుందనీ గమనించాడు. భూభ్రమణం వల్లే ఆ ఒరుగుదల అని వాల్‌ఫ్రిడ్ ఎక్‌మన్ ఆ తర్వాత గణితంతో తేల్చాడు. రెండు శాతమంటే తక్కువ అనిపిస్తుంది. సెకనుకు 10 మీటర్ల గాలి అలాగే ఉంటే మంచు రోజుకు 17 కిలోమీటర్లు పోతుంది, పది రోజుల్లో 170. ఒక చలికాలపు తుఫాను మంచు అంచును ఎక్కడి నుంచి ఎక్కడికి జరపగలదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పలకలు ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు ఏమవుతుందన్నది ఇంకో సమస్య. దానికి 1979లో అమెరికా శాస్త్రవేత్త విలియం హిబ్లర్ ఇచ్చిన పరిష్కారం నేటికీ చాలా మోడళ్ళకు పునాది. ఆయన లెక్కలో సముద్రాన్ని మంచు నూటికి నూరు శాతం కప్పితే దానికి పూర్తి బలం. కప్పింది 90 శాతమే అయితే బలం 13, 14 శాతానికి పడిపోతుంది. 80 శాతమైతే రెండు శాతం కూడా మిగలదు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో వెనక ఒకరు తోస్తే ముందున్న డ్రైవరు దాకా తగులుతుంది. పదిమంది దిగిపోతే ఆ తోపు పక్కవాడితోనే ఆగిపోతుంది. మంచు కూడా అంతే. అందుకే గట్టిగా కప్పుకున్న ఆర్కిటిక్ నడిబొడ్డులో బాగా పనిచేసే సమీకరణం, పలకలు విడివిడిగా తేలే బారెంట్స్ అంచులో అంత నమ్మకంగా ఉండదు. 1997లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన ఎలిజబెత్ హంకే, జాన్ డుకోవిచ్ ఆ సమీకరణాన్ని కంప్యూటర్లకు సులువయ్యేలా మార్చారు. నార్వేలోని బెర్గెన్‌లో నాన్సెన్ పేరుతోనే ఉన్న కేంద్రం, మంచును పెళుసు పదార్థంగా చూసే వేరే పద్ధతితో నెక్స్ట్‌సిమ్ అనే మోడల్ తయారుచేసింది. పగుళ్ళు దానిలో నిజానికి దగ్గరగా కనిపిస్తాయి. పగుళ్ళు ఎందుకంత ముఖ్యమంటే, చలికాలంలో తెరుచుకున్న నీటి చీలిక నుంచి చదరపు మీటరుకు వందల వాట్ల వేడి గాలిలోకి పోతుంది. పక్కనే దళసరి మంచు గుండా పోయేది పది ఇరవై వాట్లు.

ఇవన్నీ ఏ ధ్రువ సముద్రానికైనా వర్తించేవే. బారెంట్స్‌ను ప్రత్యేకంగా నిలిపేది దాని నీటి నిర్మాణం.

చెరువు నీరు చల్లబడి నాలుగు డిగ్రీలకు చేరాక, ఇంకా చల్లబడితే తేలికవుతుంది. అందుకే పైపొర ఒక్కటే చల్లబడి త్వరగా గడ్డకడుతుంది. ఉప్పు నీటికి ఆ వెసులుబాటు లేదు. గడ్డకట్టే క్షణం దాకా చల్లబడే కొద్దీ బరువెక్కుతూనే ఉంటుంది. పైన చల్లబడిన నీరు కిందికి దిగుతుంది, కింది వెచ్చటి నీరు పైకి వస్తుంది. పైన మంచు కట్టాలంటే నిలువునా నీరంతా చల్లబడాలి. బారెంట్స్ సగటు లోతు సుమారు 230 మీటర్లు. అంత నీటిని ఒక్క డిగ్రీ చల్లార్చడానికి, చదరపు మీటరుకు 150 వాట్ల చొప్పున వేడి పోతూ ఉన్నా, దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఒక్క డిగ్రీకే! అట్లాంటిక్ నీరేమో ఐదారు డిగ్రీల వెచ్చదనంతో లోపలికి వస్తుంది. చలికాలం అయిపోతుంది గానీ దక్షిణ బారెంట్స్ గడ్డకట్టడం మాత్రం అవదు.

ఉత్తర బారెంట్స్‌లో కథ వేరు. అక్కడ పైన కొన్ని పదుల మీటర్ల మందాన తక్కువ ఉప్పుతో ఉన్న చల్లటి పొర ఒకటి మూతలా పడుకుని ఉంటుంది. ఉప్పు తక్కువ కాబట్టి తేలిక, చల్లబడినా కిందికి దిగదు. మూత మందం 30 మీటర్లయితే దాన్ని ఒక డిగ్రీ చల్లార్చడానికి పది రోజులు చాలు. అందుకే అక్కడ మంచు త్వరగా కడుతుంది. ఆ తియ్యటి నీరు వచ్చేది ఎక్కువగా మంచు నుంచే. స్వాల్‌బార్డ్ దీవులకూ ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్‌కూ మధ్య నుంచి గాలి ఆర్కిటిక్ మంచును బారెంట్స్‌లోకి తోస్తుంది, ఎండాకాలంలో అది కరిగి మూతకు కొత్త నీరు పోస్తుంది. నార్వే శాస్త్రవేత్తలు సిగ్రిడ్ లిండ్, రాండీ ఇంగ్‌వాల్డ్‌సెన్, తోరే ఫురెవిక్ 2018లో చూపించింది ఇదే: లోపలికి వచ్చే మంచు తగ్గడంతో మూత పల్చబడుతోంది, అడుగునున్న అట్లాంటిక్ వేడి పైకి చేరడం సులువవుతోంది. మంచు తగ్గితే తియ్యనీరు తగ్గుతుంది, అది తగ్గితే మంచు ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. నార్వే శాస్త్రవేత్త మారియస్ ఆర్తున్ బృందం 2012లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం 1998 నుంచి 2008 మధ్య బారెంట్స్‌లో ఏడాది సగటు మంచు 2,18,000 చదరపు కిలోమీటర్లు తగ్గింది. దాదాపు సగం. వాళ్ళు ప్రాంతీయ మోడల్‌ను 1948 నుంచి 2007 దాకా నడిపి చూస్తే, లోపలికి వచ్చే వేడి 10 టెరావాట్లు పెరిగినప్పుడల్లా మంచు 70,000 చదరపు కిలోమీటర్లు తగ్గుతున్నట్టు తేలింది. టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు. బారెంట్స్‌లోకి సగటున వచ్చే వేడి మొత్తం 50 నుంచి 70 టెరావాట్ల దాకా ఉంటుంది.

ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. 10 టెరావాట్లను 70,000 చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే చదరపు మీటరుకు సుమారు 140 వాట్లు వస్తుంది. మంచు కప్పని సముద్రం నుంచి చలిగాలిలోకి పోయే వేడి కూడా ఈ స్థాయిలోనే ఉంటుంది. అదనంగా వచ్చిన వేడిని వదిలించుకోవడానికి సముద్రం అంతమేరకు తన ఒంటిని తెరుచుకుంటోందన్నమాట. మంచు అంచు ఎక్కడ ఉండాలో చలి ఒక్కటే నిర్ణయించదు, వదిలించుకోవలసిన వేడి ఎంత ఉందన్నది నిర్ణయిస్తుంది. బారెంట్స్‌ను ఒక పెద్ద రేడియేటర్ అనుకుంటే, మంచు అంచు దాని మీద కప్పిన గుడ్డ అంచు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. నాన్సెన్, బ్యోర్న్ హెలాండ్-హాన్సెన్ కలిసి 1909లోనే నార్వే సముద్రపు నీటి వెచ్చదనానికీ బారెంట్స్ మంచుకూ సంబంధం ఉందని రాశారు. అప్పటికే ముర్మాన్‌స్క్ తీరం నుంచి ఉత్తరంగా సాగే కోలా రేఖ మీద రష్యన్లు నీటి ఉష్ణోగ్రత కొలవడం మొదలుపెట్టారు. 1900లో మొదలైన ఆ వరుస మధ్యలో కొన్ని ఖాళీలతో ఇప్పటికీ నడుస్తోంది. ఉపగ్రహాలు లేని కాలపు మంచును మోడళ్ళలో పునర్నిర్మించేటప్పుడు ఇలాంటి రికార్డు ఒక్కటి ఉన్నా బంగారమే.

సముద్రం వేడిని నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ముందే అంచనా వేయడం కూడా సాధ్యం. ఇంగ్రిడ్ ఓనర్‌హైమ్ బృందం 2015లో సరిగ్గా అదే చేసింది. పెద్ద మోడల్ ఏదీ లేకుండా, పశ్చిమ ద్వారం దగ్గర కొలిచిన వేడి, అప్పుడున్న మంచు, ఈ రెండింటితోనే ఒక చిన్న సమీకరణం. అది బారెంట్స్ మంచు హెచ్చుతగ్గుల్లో సగాన్ని రెండేళ్ళ ముందు దాకా వివరించగలిగింది. పెరుగుతుందా తగ్గుతుందా అన్నంత మటుకు 88 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. సూపర్ కంప్యూటర్లు ఆపసోపాలు పడే చోట కాగితం మీద వేసుకోగలిగిన లెక్క ఇంత నెగ్గుకురావడం కాస్త కొంటెగానే అనిపిస్తుంది. 2016 చలికాలానికి మంచు 2015 కంటే కొద్దిగా తగ్గుతుందని ఆ పత్రం చెప్పింది. తగ్గింది, కానీ కొద్దిగా కాదు, బాగా తగ్గింది. దిశ కుదిరింది, మోతాదు తప్పింది.

తప్పిన సగం ఎక్కడిదో కూడా ఆ బృందం చెప్పింది: ఉత్తర దక్షిణాలుగా వీచే గాలులది. ఉత్తరపు గాలి మంచును మోసుకొస్తుంది, దక్షిణపు గాలి అంచును వెనక్కి నెట్టి వెచ్చటి తేమను తెస్తుంది. రాబోయే ఫిబ్రవరిలో ఏ వారం ఏ తుఫాను ఎటు వీస్తుందో అక్టోబరులో ఎవరూ చెప్పలేరు. అంటే బారెంట్స్ మంచులో స్థూలంగా సగం సముద్రపు జ్ఞాపకం, మిగతా సగం వాతావరణపు ఇష్టారాజ్యం. మొదటి సగాన్ని పట్టుకోలేని మోడల్‌ను తప్పుపట్టొచ్చు. రెండో సగాన్ని ఏ తేదీకి ఆ తేదీ చూపించలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. చర్చల్లో ఈ రెంటినీ కలగాపులగం చేయడం చాలా తరచుగా కనిపిస్తుంది.

మొదటి సగంలోనే పెద్ద మోడళ్ళు ఎందుకు తడబడతాయి? ఒక కారణం గళ్ళ పరిమాణం. మోడల్ కూడా సముద్రాన్ని గళ్ళుగా విడదీసే లెక్కకడుతుంది. ప్రపంచమంతటినీ లెక్కకట్టే వాతావరణ మోడళ్ళలో సముద్రపు గడి ఈ ప్రాంతంలో తరచుగా 40, 50 కిలోమీటర్లు ఉంటుంది. బేర్ ఐలాండ్ దారి వెడల్పు నాలుగు వందల కిలోమీటర్ల చిల్లర, అంటే పది గళ్ళకు అటూ ఇటూ. అక్కడ నీటిని కలిపే సుడులు కొన్ని కిలోమీటర్ల సైజువి. అవి ఆ వలకు చిక్కవు. ధ్రువం దగ్గర ఇంకో విచిత్రమైన ఇబ్బంది ఉంది. రేఖాంశాలన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి కాబట్టి గళ్ళు అక్కడ సన్నబడి లెక్క ఆగిపోతుంది. దానికి కనిపెట్టిన ఉపాయం మోడల్‌లోని ఉత్తర ధ్రువాన్ని రెండుగా చీల్చి, ఒకటి కెనడా నేల మీదికి, ఇంకొకటి సైబీరియా నేల మీదికి జరపడం. సముద్రానికి ధ్రువం బెడద తప్పుతుంది. మాంత్రికుల కథలా ఉన్నా బాగానే పనిచేస్తోంది.

ఇంకో కారణం నీటి మూత. ఉప్పు పొరలు ఎంత త్వరగా కలిసిపోతాయన్నది మోడల్‌లో నేరుగా లెక్కకు రాదు, ఒక అంచనా సూత్రంతో నెట్టుకొస్తారు. ఆ సూత్రం కాస్త ఎక్కువ కలిపితే ఉత్తర బారెంట్స్ అకారణంగా వెచ్చబడుతుంది. తక్కువ కలిపితే దక్షిణాన కూడా మంచు కడుతుంది. సముద్రం ద్వారా ఎక్కువ వేడిని ఉత్తరానికి మోసే మోడళ్ళలో మంచు తక్కువగా, తక్కువ మోసే వాటిలో ఎక్కువగా ఉండటం ఒక తరం మోడళ్ళ తర్వాత ఇంకో తరంలోనూ కనిపిస్తూనే ఉంది.

అన్నిటికన్నా ఇబ్బందికరమైనది తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం. వేడి తక్కువగా తెస్తున్న మోడల్‌లో మంచు ఎక్కువ కనిపిస్తే, హిమం మందాన్నో, మంచు పైభాగం తెల్లదనాన్నో కొద్దిగా సర్దితే సగటు మంచు చక్కగా కుదురుతుంది. పట్టిక చూస్తే మోడల్ భేష్. కానీ అట్లాంటిక్ వేడి 10 టెరావాట్లు పెరిగినప్పుడు ఆ మోడల్‌లో మంచు 70,000కు బదులు ఏ 20,000 చదరపు కిలోమీటర్లో కదులుతుంది. జవాబు సరిపోయి లెక్క తప్పిన విద్యార్థికి మన ఊరి లెక్కల మాస్టారు సగం మార్కులైనా వేయరు. మోడల్‌ను సగటుతో కాక ఊగిసలాటతో పరీక్షించాలనడానికి కారణం ఇదే.

ఊగిసలాటను పరీక్షించడం కూడా చెప్పినంత తేలిక కాదు. ప్రకృతి మనకు చూపించింది ఒకే ఒక్క చరిత్ర. కానీ భూమిని వేడెక్కించే అవే వాయువులు, అదే సూర్యుడు ఉన్నా చరిత్ర వేరే దారిలో నడిచి ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి అమెరికాలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఒకే మోడల్‌ను 1920 నుంచి ముందు ముప్పై, తర్వాత నలభై సార్లు నడిపింది. ఒక్కో పరుగులో మొదటి రోజు గాలి ఉష్ణోగ్రతను డిగ్రీలో వంద లక్షల కోట్ల వంతు మాత్రమే మార్చారు. ఆ నలుసంత తేడాయే చాలు, కొన్ని వారాలకే తుఫానులు వేరైపోతాయి, దశాబ్దాల మీద బారెంట్స్ మంచు కూడా వేర్వేరు దారులు పడుతుంది. కొన్ని పరుగుల్లో పదేళ్ళ పాటు మంచు కుప్పకూలితే, మరికొన్నింటిలో అదే పదేళ్ళు దాదాపు నిలకడ. వేడెక్కే ప్రపంచం అన్నిటికీ ఒకటే. కాబట్టి కొలిచిన గీత మోడల్ సగటు గీత మీద పడలేదని గోల చేయడం అనవసరం. అడగాల్సింది, కొలిచిన గీత ఆ గీతల గుంపులో ఇమిడిందా, గుంపు వెడల్పు ప్రకృతి ఊపుకు సరిపోతోందా అని. బారెంట్స్‌లో 2016 దాకా మంచు పడిపోయి, తర్వాతి మూడు నాలుగేళ్ళలో సముద్రం కొంత చల్లబడి మంచు కొంత వెనక్కి వచ్చింది. ఆ నాలుగేళ్ళు చూసి అంతా సర్దుకుందనడం, అంతకు ముందు నాలుగేళ్ళు చూసి అంతా అయిపోయిందనడం, రెండూ ఒకే రకం తొందరపాటు.

దక్షిణ ధ్రువంలో ఈ పరీక్ష ఇంకా కఠినంగా జరిగింది. అంటార్కిటికా చుట్టూ చలికాలపు మంచు 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టింది. 2023 సెప్టెంబరులో 1.7 కోట్ల దగ్గరే ఆగిపోయి అడుగు రికార్డు కొట్టింది. 2014 దాకా సాగిన ఆ పెరుగుదలను చాలా మోడళ్ళు చూపించలేదు, తగ్గుదలనే చూపించాయి. అక్కడ తీరాలు మంచును బంధించవు, అన్ని వైపులా తెరిపి సముద్రమే కాబట్టి గాలి, లోతు నీటి వేడి ఇంకా స్వేచ్ఛగా ఆడతాయి.

బారెంట్స్‌కు వెళ్ళే ప్రవాహానికి ఇంకో పాయ కూడా ఉంది. అది స్వాల్‌బార్డ్ పడమటి తీరం వెంట పైకి పోతుంది. ఆ తీరంలోనే న్యీ-ఆలెసుండ్‌లో 2008 నుంచి భారత్ హిమాద్రి కేంద్రం నడుపుతోంది. పక్కనున్న కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) 2014 జులైలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం ఇండ్‌ఆర్క్ అనే పరికరాల గొలుసును సుమారు 190 మీటర్ల లోతులో లంగరు వేశాయి. అది నీటి వేడినీ ఉప్పునూ పొరలవారీగా, చలికాలమంతా కొలుస్తూ ఉంటుంది. 2006 చలికాలంలో అట్లాంటిక్ నీరు ఈ ఫ్యోర్డ్‌లోకి చొరబడిన తర్వాత అక్కడ చలికాలపు మంచు మునుపటిలా కట్టడం తగ్గిపోయింది. బారెంట్స్‌లో లక్షల చదరపు కిలోమీటర్ల మీద జరిగే పనిని ఇరవై కిలోమీటర్ల పొడవున్న ఫ్యోర్డ్‌లో దగ్గరగా చూడొచ్చు. చీకటి కాలంలో మనుషులే ఉండి కొలతలు తీసేలా భారత్ తొలి చలికాల యాత్ర 2023 డిసెంబరులో మొదలైంది.

బారెంట్స్ మంచు తగ్గిన ఏడాది యూరప్, ఆసియా భూభాగాల్లో చలి ఎక్కువగా ఉంటుందన్న వాదన ఒకటి పదిహేనేళ్ళుగా నడుస్తోంది. కొలతల్లో రెండూ కలిసి కనిపిస్తాయి. మోడల్‌లో మంచును మాత్రమే తీసేసి చూస్తే ఆ చలి అంతగా రాదు. వెచ్చటి గాలిని బారెంట్స్ వైపు, చలిగాలిని సైబీరియా వైపు మళ్ళించే ఒకే గాలి తీరు రెంటికీ మూలమై ఉండొచ్చన్నది మరో పక్షం. ఈ పక్షానిదే పైచేయిగా కనిపిస్తోంది గానీ, మంచు ఊపు తక్కువగా ఉన్న మోడళ్ళతో తీర్పు చెప్పడంలో ఇబ్బంది ఉండనే ఉంది.

10 టెరావాట్లకు 70,000 చదరపు కిలోమీటర్లన్న లెక్కకు ఒక గడువు ఉంది. తగ్గడానికి మంచు మిగిలి ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. అంచు ఉత్తర బారెంట్స్ కూడా దాటిపోతే, అదనంగా వచ్చే వేడి అక్కడ కరిగించడానికి ఏమీ దొరక్క, నోవయా జెమ్ల్యా దీవుల ఉత్తర కొస చుట్టూ తిరిగి, తూర్పున ఉన్న కారా సముద్రం వైపు సాగుతుంది. వేడెక్కిన భవిష్యత్తులోకి నడిపిన మోడళ్ళలో చలికాలపు ఊగిసలాట బారెంట్స్‌లో సన్నగిల్లి, తూర్పున, ఉత్తరాన పెరగడం కనిపిస్తోంది. అక్కడ కోలా రేఖ లాంటి నూటపాతికేళ్ళ రికార్డు ఏదీ లేదు.